అక్షరాలు, వాటి శబ్దాలు నేర్పే పిల్లల కార్టూన్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పేజీ 3 నుంచి 5 ఏళ్ళ పిల్లలున్న ఇళ్ళ కోసం. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు నడిచే పిల్లలను దృష్టిలో పెట్టుకుని రాశాం, ఎందుకంటే చిక్కులన్నీ ఎక్కువగా అక్కడే వస్తాయి. ఇంగ్లీషు అక్షరం శబ్దాన్ని చూపాల్సిన చోట పొల్లుతో రాశాం: బ్, ట్, స్. వాటిని చదివేటప్పుడు చివర అచ్చు కలపకండి.

ఏ వయసులో మొదలుపెట్టాలి? రోజుకు ఎంతసేపు?

రెండేళ్ళ లోపు పిల్లలకు తెర వద్దనీ, 2 నుంచి 4 ఏళ్ళ వాళ్ళకు రోజంతా కలిపి గంట దాటకూడదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. 2021లో ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ ఇచ్చిన సూచనలూ దాదాపు ఇవే. అన్నం తినిపించేటప్పుడు చేతికిచ్చే ఫోను, నానమ్మ చూసే సీరియల్ కూడా ఆ గంటలోకే వస్తాయి. అందులో అక్షరాల కార్టూనుకు 8 నుంచి 10 నిమిషాలు చాలు.

మూడేళ్ళ లోపు పిల్లలు మనిషి ఎదురుగా చెబితే నేర్చుకున్నంతగా తెర మీద చూసి నేర్చుకోరు. అందుకని అక్షరాల కోసం తొందరపడి రెండేళ్ళకే మొదలుపెట్టడం వల్ల లాభం లేదు. మూడున్నర దగ్గర మొదలుపెడితే అదే పని తేలిగ్గా అయిపోతుంది.

మా పాప ఎ నుంచి జెడ్ దాకా గడగడా పాడేస్తుంది. విడిగా ఒక అక్షరం చూపిస్తే మాత్రం చెప్పలేదు. ఎందుకని?

తను పాడుతున్నది పాట. అందులో అక్షరాలున్నాయని తనకింకా తెలియదు. పాటలో ఎల్, ఎమ్, ఎన్, ఓ, పి దగ్గరికి వచ్చేసరికి రాగం పరుగెడుతుంది, అయిదూ కలిసి చాలామంది పిల్లల చెవిలో ఒకే మాటగా పడతాయి. అ, ఆ, ఇ, ఈ పాటలోనూ ఇంతే. 'ఉ' ఏదని అడిగితే పాప మళ్ళీ 'అ' దగ్గర మొదలుపెట్టి లోపల పాడుకుంటూ వస్తుంది.

పరీక్ష తేలిక. అయిదు చీటీల మీద అయిదు అక్షరాలు రాసి కలిపేయండి. మొదట "మ ఏదీ?" అని అడగండి, వేలితో చూపిస్తే చాలు. మర్నాడు ఒక చీటీ తీసి "ఇదేంటి?" అనండి. ఇది మొదటిదానికంటే కష్టం. మూడోసారి "మ తో మొదలయ్యేది ఒకటి చెప్పు" అనండి. మూడూ చెప్పగలిగితేనే ఆ అక్షరం వచ్చినట్టు లెక్క. కార్టూనులో కనిపించిన రంగుతోనే రాయకండి. ఎర్రగా ఉంటే 'మ' అని, నీలంగా ఉంటే 'వ' అని రంగును గుర్తుపెట్టుకునే పిల్లలు చాలామంది ఉంటారు.

అక్షరం పేరు వేరు, శబ్దం వేరు అంటారు. తెలుగులో అలా లేదు కదా?

లేదు. 'క'ను 'క' అనే పిలుస్తాం, పదంలోనూ 'క' అనే చదువుతాం. పేరు వస్తే చదవడం సగం వచ్చినట్టే. ఇంగ్లీషులో ఆ సుఖం లేదు. 'డబ్ల్యూ' అనే పేరు ఎంత సాగదీసి పలికినా అందులో ఆ అక్షరం శబ్దం వినిపించదు. 'వై' పేరు వ తో మొదలవుతుంది, 'యెల్లో'లో దాని శబ్దం మాత్రం య్. 'సి' పేరు స్ తో మొదలవుతుంది, పిల్లలు మొదట చదివే 'క్యాట్'లో మాత్రం క్ అని పలుకుతుంది. 26 అక్షరాలు సుమారు 44 శబ్దాలను మోయాలి. అందుకే అక్కడ శబ్దాలను విడిగా నేర్పాల్సి వస్తుంది. ఫోనిక్స్ అంటే అదే.

తెలుగులో కష్టం ఇంకోచోట ఉంది. శబ్దం సూటిగానే ఉంటుంది, రూపాలే ఎక్కువ. ఒక్క 'క'కు తలకట్టు, దీర్ఘం, గుడి, గుడి దీర్ఘం, కొమ్ము అంటూ గుణింతం ఉంది, ఆపైన ఒత్తులు. హల్లులన్నిటికీ లెక్కేస్తే పిల్లల కంటికి వందల రూపాలు. ఇంగ్లీషు కార్టూను చేయాల్సిన పని శబ్దాలను కలిపి పలికించడం, తెలుగు కార్టూను చేయాల్సిన పని రూపాల తేడా చూపించడం. ఇంగ్లీషు కార్టూను నమూనాలో అక్షరాలు మార్చి "తెలుగు ఫోనిక్స్" అని పెట్టే వీడియోలు తేలిపోయేది ఇక్కడే. క, క, కమలం అని మూడుసార్లు అరవడానికి కార్టూను అక్కర్లేదు. 'ప'కూ 'వ'కూ గీత ఎక్కడ మారిందో మెల్లగా గీసి చూపించేదైతే దానికి విలువ ఉంటుంది.

ఇంగ్లీషు శబ్దాన్ని 'బ' అనాలా, 'బ్' అనాలా?

'బ్' అనాలి. ఎక్కువ వీడియోలు తప్పేది ఈ ఒక్క చోటే, అదే తర్వాత చదవడానికి అడ్డం పడుతుంది. 'బ', 'యా', 'ట' అని నేర్చుకున్న పిల్లాణ్ణి కలిపి చదవమంటే 'బయాట' అంటాడు. వాడి తప్పేం లేదు, విన్న ముక్కల్ని వాడు నిజాయితీగా కలిపాడు. బ్, యా, ట్ అని విన్నవాడికి 'బ్యాట్' దానంతటదే వస్తుంది.

మనకు పొల్లు ఉంది కాబట్టి తెలుగు తెలిసిన తల్లిదండ్రులకు ఇది అర్థం చేసుకోవడం తేలిక. కార్టూను పెట్టి కళ్ళు మూసుకుని వినండి. స్, మ్, న్, ల్, ఫ్ సాగే శబ్దాలు. 'స్‌స్‌స్', 'మ్‌మ్‌మ్' అని వినిపిస్తే సరిగ్గా పలికినట్టు. 'స, స, స' అని వినిపిస్తే పక్కన పెట్టేయండి. ప్, బ్, ట్, డ్, క్, గ్ సాగవు, చటుక్కున తెగిపోవాలి. ఇవి పలికేటప్పుడు పిసరంత అచ్చు అంటుకోవడం మామూలే. దాన్ని ఎంత చిన్నది చేస్తే అంత మంచిది.

కలిపేటప్పుడు మూడు ముక్కలూ ఒకేసారి అప్పజెప్పకండి. మొదటి రెండూ కలిపి 'బ్యా' అనిపించి, కొంచెం ఆగి 'ట్' తగిలించండి. అక్షరాలు కలిసి పదంగా మారడాన్ని కళ్ళకు కట్టినట్టు చూపిన కార్టూను బీబీసీ వారి ఆల్ఫాబ్లాక్స్. 2010లో బ్రిటన్‌లో మొదలైంది. అందులో అక్షరాలు చేతులు పట్టుకుంటే అవి పదమవుతాయి. వేరే కార్టూను ఎంచుకున్నా ఈ కలిపే పని అందులో ఉందో లేదో చూసుకోండి.

ఎ నుంచి జెడ్ వరుసలోనే, అ ఆ ఇ ఈ వరుసలోనే వెళ్ళాలా?

పాడుకోవడానికి ఆ వరుసే. గుర్తుపట్టడానికి అక్కర్లేదు. బ్రిటన్‌లో 2007లో వచ్చిన లెటర్స్ అండ్ సౌండ్స్ కార్యక్రమం ఎస్, ఎ, టి, పి, ఐ, ఎన్ తో మొదలవుతుంది. జాలీ ఫోనిక్స్ అనే ఇంకో బోధన పద్ధతి మొదటి గుంపులోనూ ఈ ఆరే ఉంటాయి, వరుస మాత్రం కాస్త మారుతుంది. కారణం సులువే: ఈ ఆరింటితోనే సిట్, పిన్, టిన్, ట్యాప్, న్యాప్ లాంటి పదాలు వచ్చేస్తాయి. ఎ, బి, సి, డి, ఇ, ఎఫ్ తో అన్ని రావు.

తెలుగులో గుణింతం జోలికి పోకుండా పదాలు కట్టగలిగే హల్లులతో మొదలుపెడితే అదే లాభం. త, ల, వ, గ, డ, ప, క, ర వస్తే తల, వల, కల, పలక, గడప, పడవ, కడవ చదివేస్తారు. ఒక్క జాగ్రత్త: పోలిక ఉన్నవి ఒకే వారంలో పెట్టకండి. ప, వ, మ, య ఒక గుంపు. ద, ధ, థ ఇంకొకటి. ర, ఠ తేడా ఒక చుక్క. ఒ, ఓ, ఔ కూడా అంతే. 'వ' బాగా కుదిరాక పది రోజులు ఆగి 'మ' తీసుకోండి. పక్కపక్కన పెట్టి తేడా చూపించే ఆట రెండూ విడివిడిగా వచ్చాక.

ఒక వీడియోలో 56 అక్షరాలన్నారు, ఇంకోదాంట్లో తక్కువ ఉన్నాయి. ఏది నమ్మాలి?

సంప్రదాయంగా లెక్క 56. ఌ, ౡ, ౠ, అరసున్న, ఱ లాంటివి ఎన్ని తీసేశారనే దాన్ని బట్టి అంకె మారుతుంది. ఈ వయసులో అవీ, ఙ, ఞ లూ వదిలేసినా నష్టమేమీ లేదు.

బొమ్మ చూసి పిల్లాడు వేరే పదం చెబుతున్నాడు. ఏం చేయాలి?

అక్షరాల కార్టూన్లలో అన్నిటికంటే నిర్లక్ష్యంగా చేసేది బొమ్మ ఎంపిక. 'గ' పక్కన గంప బొమ్మ ఉంటుంది, పిల్లాడు 'బుట్ట' అంటాడు. 'ఖ'కు ఖడ్గం, వాడు 'కత్తి' అంటాడు. 'ఫ'కు ఫలం, 'పండు' అంటాడు. 'భ'కు భవనం, 'బిల్డింగ్' అంటాడు. 'ఓ'కు ఓడ, 'షిప్' అంటాడు. చెప్పిన ప్రతి మాటా బొమ్మకు సరిపోతుంది, అక్షరానికి సరిపోదు. 'పలక' బొమ్మ చూసి ట్యాబ్ అనుకునే రోజులివి.

ఇలాంటి చోట వీడియో ఆపి, మీ ఇంట్లో వాడే మాట ఒకటి పెట్టుకోండి. గ కు గడియారం, ఖ కు ఖర్జూరం, భ కు భజన, ప కు పడవ. ఇంట్లో ఎవరి పేరైనా ఆ అక్షరంతో మొదలైతే దానికి మించింది లేదు. ణ, ళ లతో మొదలయ్యే మాటలు మనకు దొరకవు కాబట్టి వీణ, బాణం, తాళం లాంటివి చూపిస్తారు. అప్పుడు "ఇది మాట లోపల వినిపిస్తుంది" అని చెప్పాలి. లేకపోతే పిల్లాడు వీణను చూసి 'వ' అంటాడు, మీరు తప్పంటారు.

ఇంగ్లీషులో ఇదే గోల ఇంకొంచెం ఎక్కువ. ఎక్స్ కు జైలోఫోన్ పెడతారు, దాని మొదటి శబ్దం జ్ లాంటిది. ఎక్స్ అసలు శబ్దం బాక్స్, ఫాక్స్ చివర వినిపిస్తుంది. ఐ కు ఐస్‌క్రీమ్ కాకుండా ఇంక్ ఉండాలి. జి కు జిరాఫ్, కె కు నైఫ్, ఎస్ కు షిప్, సి కు చెయిర్ ఉన్న వీడియోను మొదటి నెలల్లో చూపించకండి.

డబ్బింగ్ కార్టూన్లు పనికొస్తాయా?

కథకు బాగుంటాయి, అక్షరాలకు పనికిరావు. తెర మీద ఇంగ్లీషు 'డి', పక్కన బాతు బొమ్మ. గొంతు మాత్రం "బాతు" అంటుంది. డి కీ బాతుకీ ఏం సంబంధమో పిల్లలకు ఎలా తెలుస్తుంది? అక్షరాలు నేర్పే వీడియో ఆ భాషలోనే పుట్టి ఉండాలి.

మంచి వీడియోనో కాదో రెండు నిమిషాల్లో తేల్చడం ఎలా?

పిల్లలకు చూపించే ముందు మీరొక్కరే చూడండి. మొదట శబ్దం తీసేయండి. అక్షరం తెర మీద కదలకుండా కనీసం మూడు నాలుగు సెకన్లు నిలబడుతోందా? అక్షరానికి కళ్ళు, కాళ్ళు, టోపీ తగిలించి అసలు ఆకారమే కనబడకుండా చేశారా? తెలుగులో ఇది మరీ ముఖ్యం. తలకట్టును టోపీగా మార్చేస్తే పిల్లలకు తలకట్టు అక్షరంలో భాగమని తెలియదు. ఇంగ్లీషైతే చిన్న అక్షరాలు ఉన్నాయా చూడండి. పుస్తకంలో నూటికి తొంభై పాళ్ళు అవే, వీడియోల్లో మాత్రం పెద్ద అక్షరాలే ఎక్కువ.

తర్వాత శబ్దం పెట్టి, తెర చూడకుండా వినండి. వెనక సంగీతం హోరులో స్, ఫ్, త్ లాంటి మెత్తని శబ్దాలు మునిగిపోతే ఆ వీడియో వల్ల ఉపయోగం లేదు. యంత్రం గొంతుతో చేసిన వాటిలో ళ ను ల గా, ణ ను న గా పలకడం వింటూనే ఉంటాం.

చివరగా తెలుగు అక్షరదోషాలు. తెలుగు లిపిని సరిగ్గా చూపలేని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో 'అక్క' అని కొడితే ఒత్తు కిందికి దిగకుండా 'అక్‌క' అని పొల్లుతో విడిపోయి కనిపిస్తుంది, గుడి పక్కకు జరుగుతుంది. చేసినవాళ్ళకు తెలుగు రాకపోతే అది అలాగే బయటికి వచ్చేస్తుంది. ఒత్తులున్న ఒక పదం దగ్గర వీడియో ఆపి చూడండి. అది సరిగ్గా ఉంటే మిగతావీ దాదాపు సరిగ్గానే ఉంటాయి.

ఒక భాగంలో ఎన్ని అక్షరాలున్నాయో కూడా చూడండి. 1969లో అమెరికాలో మొదలైన సెసమి స్ట్రీట్, ప్రకటనలు పిల్లల నోట ఎలా నానుతాయో గమనించి, ఒక్కో భాగాన్ని కొద్దిపాటి అక్షరాల "సమర్పణ"గా నడిపింది. అయిదు నిమిషాల్లో 26 చుట్టేసే వీడియో కంటే ఒక్క అక్షరాన్ని పదిసార్లు పదిచోట్ల చూపించేది నయం.

'క్యాట్'ను 'క్యాటు' అని, 'ఎగ్'ను 'యెగ్గు' అని చదువుతున్నాడు. వీడియో తప్పా?

తెలుగు నాలుక తీరు అది. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి బస్సు, కారు, పెన్ను అంటాం. మాట మొదట 'ఎ' వస్తే య, 'ఒ' వస్తే వ తోడవుతుంది. మాట్లాడటంలో దీన్ని దిద్దే పని లేదు. రాయడం మొదలయ్యాక మాత్రం 'క్యాటు'లోని ఉ కోసం చివర 'యు' పెడతారు. అప్పుడు చివరి శబ్దం దగ్గర నోటి మీద వేలు పెట్టి ఆగే ఆట ఆడితే వారంలో సర్దుకుంటుంది. వి, డబ్ల్యూ రెండూ 'వ' గా వినిపించడమూ ఇలాంటిదే. వి కి పై పళ్ళు కింది పెదవికి తగలాలి, డబ్ల్యూకి పెదవులు గుండ్రంగా చుట్టాలి. ఇది నోరు దగ్గరగా చూపించే వీడియోలోనో, మీ ముఖంలోనో కనిపించాలి. బొమ్మ నోరు తెరిచి మూయడం చూసి ఎవరూ నేర్చుకోలేరు.

ఖ, ఘ, ధ, భ పలకలేకపోతున్నాడు. ర ను ల అంటున్నాడు.

నాలుగేళ్ళకు ర తిరగకపోవడం మామూలే. 'ర' చూపించి 'ల' అంటే, అక్షరం గుర్తుపట్టాడా అన్నదే చూడండి. "రథం ఏదీ, లత ఏదీ" అని రెండు బొమ్మలు పెట్టి సరైనది చూపిస్తే చెవికి తెలిసినట్టే. ఒత్తక్షరాలు పెద్దవాళ్ళే మాటల్లో సగం పలకరు, పిల్లల్ని నిలదీయడం అన్యాయం. మాట్లాడే తీరు మొత్తంగానే అర్థం కాకుండా ఉంటే, పిలిచినా పలకకపోతే, అది కార్టూనుతో తేలేది కాదు. డాక్టరుకు చూపించి వినికిడి పరీక్ష చేయించండి.

చూడటం అయ్యాక ఏం చేయాలి?

అసలు నేర్చుకోవడం టీవీ ఆపాకే. మొత్తం పావుగంట అనుకోండి.

పెట్టేముందు ఒక మాట చెప్పండి: "ఇవాళ మ వస్తుంది, కనబడగానే చప్పట్లు కొట్టాలి." అయిదారు నిమిషాలు చూడనివ్వండి, మధ్యలో రెండుసార్లు ఆపి "ఏదీ?" అనండి. అంతకంటే ఎక్కువ ఆపితే విసుగు. తర్వాత టీవీ కట్టేసి, స్టీలు పళ్ళెంలో బొంబాయి రవ్వ పల్చగా పరచండి. పళ్ళెం అడుగు కొంచెం కొంచెంగా కనిపించేంత పల్చగా ఉండాలి. మందంగా పోస్తే వేలు తీయగానే గీత పూడుకుపోతుంది. బియ్యంతోనూ అదే ఇబ్బంది, గింజలు జారి ఆకారం నిలవదు. మీరు ఒకసారి గీయండి, పళ్ళెం కదిపి చెరిపేయండి, పిల్లల్ని గీయనివ్వండి. మూడుసార్లు చాలు. ర, ప, వ లాంటి వాటిలో ఒళ్ళు ముందు, తలకట్టు చివర. గీస్తున్నంతసేపూ శబ్దం నోటితో అనిపించండి.

ఆఖరి అయిదు నిమిషాలు వెతుకులాట. పేపర్లో పెద్ద హెడ్డింగు, ఉప్పు ప్యాకెట్టు, బస్సు బోర్డు. అక్కడ అదే అక్షరం వేరే రూపంలో, వేరే సైజులో దొరుకుతుంది. కార్టూను చూపించలేనిది ఇదే.

ఒకే అక్షరం మూడు రోజులు ఉంచండి. వారానికి రెండు కొత్తవి చాలు. చీటీల ఆటలో ఒక కొత్తదానికి నాలుగు పాతవి ఉండాలి, అన్నీ కొత్తవైతే పిల్లలు పారిపోతారు.

పెన్సిల్ ఎప్పుడు ఇవ్వాలి? ఫోను మీద వేలితో దిద్దే ఆటలు సరిపోవా?

వేళ్ళలో పట్టు నాలుగు దాటాక వస్తుంది. అప్పటిదాకా రవ్వ, సుద్దముక్క, గోడ మీద నీళ్ళలో ముంచిన కుంచె. గాజు తెర మీద వేలు జారిపోతుంది, కాస్త పక్కకు పోయినా యాప్ శభాష్ అంటుంది, ఎక్కడ మొదలుపెట్టినా ఒప్పుకుంటుంది. పలక మీద బలపం ఆ మొహమాటం చూపించదు. చిన్న బి, చిన్న డి తారుమారు చేయడం ఆరేడేళ్ళ దాకా మామూలే.

గుణింతాలు, ఒత్తుల కార్టూన్లు ఎప్పుడు?

ఓ పదిహేను హల్లులు గట్టిగా వచ్చాక. కా, కి, కీ అని ఒకే హల్లుతో అడ్డంగా కాకుండా, తా, లా, పా అని ఒకే గుర్తుతో నిలువుగా వెళ్ళే వీడియో దొరికితే అది తీసుకోండి. దీర్ఘం ఏం చేస్తుందో అలా తెలుస్తుంది. ఒత్తులు ఒకటో తరగతికి వదిలేయండి, 'అమ్మ' ఒక్కటి తప్ప. అది ఎలాగూ బొమ్మలా గుర్తుపెట్టుకుంటారు.

అమెరికాలో ఉంటాం. రెండు లిపులూ ఒకేసారి నేర్పితే గందరగోళం కాదా?

ఆకారాలు అంత వేరుగా ఉంటాయి కాబట్టి కలగాపులగం కావు. ఒకే పూట రెండూ పెట్టకపోతే చాలు. అక్కడి పిల్లలకు అసలు కొరత తెలుగు మాటలు. 'ఉడుత' అన్న మాటే విననివాడికి ఉ కు ఉడుత బొమ్మ చూపిస్తే 'స్క్విరెల్' అంటాడు, అక్షరం నిలవదు. ముందు ఓ నెల అక్షరాలు లేని తెలుగు కథలు, పాటలు వినిపించి, ఆ మాటలతోనే అక్షరాలు మొదలుపెట్టండి. తెలుగు మాటల్ని ఇంగ్లీషు లిపిలో రాసి చూపే వీడియోలు వద్దు. త, ట లకూ ద, డ లకూ ఒకే అక్షరం వాడతారు, తేడా అక్కడే పోతుంది. కాస్త పెద్దయ్యాక సిలికానాంధ్ర మనబడి లాంటి వారాంతపు తరగతులున్నాయి, 2007 నుంచి నడుస్తున్నాయి.

వీడియో అయిపోగానే ఇంకేదో వచ్చేస్తోంది. ఆపితే ఏడుపు.

ఆటోప్లే తీసేయండి. యూట్యూబ్ కిడ్స్‌లో టైమరు ఉంది, మీరు ఎంచిన వీడియోలు మాత్రమే కనబడేలా పెట్టుకునే వీలూ ఉంది. ఇంకా తేలిక మార్గం, ఎంచుకున్న నాలుగైదు భాగాలు డౌన్‌లోడ్ చేసుకుని నెట్ ఆపేసి చూపించడం. టైమరు మోగి తెర మూసుకుపోతే పిల్లలు యాప్ మీద అలుగుతారు, మీరు లాక్కుంటే మీ మీద అలుగుతారు. వీడియో మధ్యలో ఆపకండి, భాగం చివర ఆపండి. రవ్వ పళ్ళెం ముందే సిద్ధంగా పెట్టుకోండి.